డీవీసీ వేసే తీరు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఆడవారికి గృహ హింస చట్టం

ఇంట్లోవాళ్లే బాధ పెడుతున్నప్పుడు ఆడవారికి అండగా పార్లమెంటు 2005లో చేసిన చట్టం ఇది. 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దీని కింద మేజిస్ట్రేటు కోర్టులో వేసే కేసును వకీళ్లు, గుమాస్తాలు డీవీసీ (డొమెస్టిక్ వయొలెన్స్ కేసు) అంటారు. డీవీసీ వేసింది మొదలు భర్తను పోలీసులు పట్టుకుపోతారని కొందరు ఆశపడతారు, కొందరు భయపడతారు. అలా జరగదు. ఉండటానికి చోటు, నెలనెలా ఖర్చులు, పిల్లలు, పుట్టింటివారు పెట్టిన బంగారం, మీద చెయ్యి పడకుండా ఉత్తర్వు: ఈ చట్టం ఇచ్చేవి ఇవి. శిక్ష పడాలంటే పోలీసు స్టేషన్‌లో వేరే ఫిర్యాదు ఇవ్వాలి. అది ఒకప్పటి ఐపీసీ 498ఎ, అంటే భర్త, అత్తవారు పెట్టే క్రూరత్వం మీద కేసు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్. రెండూ ఒకేసారి నడపొచ్చు. అయితే ఒకదాంట్లో రాసిన తేదీలు, మాటలు రెండోదాంట్లో మారితే అవతలి వకీలు మొదట పట్టుకునేది అక్కడే.

చట్టంలో ఉన్నవాటిలో సగం చాలామందికి అందకుండా పోవడానికి కారణం ఒక్కటే. అడగలేదు. మేజిస్ట్రేటు అర్జీలో ఏది అడిగితే దాని మీదే ఉత్తర్వు ఇస్తారు. అందుకే మొదటి కాగితం రాసే దగ్గరే ఎక్కువసేపు కూర్చోవాలి.

ఎవరు వేయొచ్చు, ఎవరి మీద

భార్య ఒక్కతే కాదు. తల్లి, పెళ్లికాని చెల్లి, విధవరాలైన కోడలు, దత్తత వచ్చిన అమ్మాయి, పెళ్లి లాంటి బంధంలో కలిసి కాపురం చేసిన స్త్రీ కూడా వేయొచ్చు. ఒకే కప్పు కింద ఎప్పుడో ఒకప్పుడు ఉండి ఉండాలి, లేదా అలా ఉండే హక్కు ఉండాలి. పెళ్లయిన నాటి నుంచి అత్తవారింట అడుగే పెట్టనివ్వకపోయినా ఆ ఇంట్లో ఉండే హక్కు పోదని సుప్రీంకోర్టు 2022లో ప్రభా త్యాగి కేసులో చెప్పింది. అత్త, ఆడపడుచుల మీద కూడా వేయొచ్చు. ఎదుటివారు మగవారే అయ్యుండాలన్న నిబంధనను సుప్రీంకోర్టు 2016లో కొట్టేసింది.

వేయొచ్చు కదా అని ఇంటిల్లిపాదినీ ఎక్కించకండి. పెళ్లయి విశాఖలో ఉంటున్న ఆడపడుచు, వేరు కాపురం పెట్టుకున్న తోటికోడలు, పండగకు వచ్చి వెళ్లే పెద్దమామ పేర్లు రాస్తే ఒక్కొక్కరికీ నోటీసు వెళ్లాలి. ఒకరికి అందకపోయినా వాయిదా పడొచ్చు. పైగా వాళ్లంతా కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్తారు, అసలు మనిషి మీద విచారణ మూలన పడుతుంది. ఎవరు ఏం చేశారో ఒక్కొక్కరికి కనీసం ఒక్క సంఘటన తేదీతో రాయగలిగితేనే పేరు పెట్టండి.

పెద్దమనుషులు తగువు పెట్టి స్టాంపు కాగితం మీద విడాకులు రాయించేశారు, ఇంకేం చేయగలం అనుకునేవారు మన వైపు చాలామంది. హిందువులకు ఆ కాగితంతో పెళ్లి రద్దు కాదు. ఆ కులంలో అలాంటి ఆచారం తరతరాలుగా ఉందని అవతలివాళ్లు కోర్టులో రుజువు చేస్తేనే దానికి విలువ. ఆ కాగితం ఉందని డీవీసీ మానుకోనక్కర్లేదు. దాని నకలు దాచకుండా జతచేసి, ఎవరి సమక్షంలో, ఏ ఒత్తిడి మీద సంతకం పెట్టారో రాయండి. కోర్టు విడాకులే వచ్చినా, కలిసి ఉన్నప్పుడు జరిగిన హింస మీద వేసుకోవచ్చు.

ఏ ఆఫీసు, ఏ కోర్టు

పుట్టింటికి వచ్చేసిన అమ్మాయి అత్తవారి ఊరి కోర్టు చుట్టూ తిరగనక్కర్లేదు. తాత్కాలికంగా ఉంటున్న చోటు, పనిచేస్తున్న చోటు, ఎదుటివారు ఉండే చోటు, హింస జరిగిన చోటు, వీటిలో ఏ పరిధి కోర్టులోనైనా వేయొచ్చని 27వ సెక్షన్ చెబుతోంది. కాపురం హైదరాబాదులో అయినా కన్నవారిల్లు సోంపేటలో ఉంటే సోంపేటలోనే వేయండి. ఇప్పుడు అక్కడ ఉంటున్నట్టు రుజువు మాత్రం కావాలి. పిల్లను చేర్చిన బడి కాగితమో, అంగన్‌వాడీ రికార్డో, ఆసుపత్రి చీటీయో చాలు.

రెండు దారులున్నాయి. మొదటిది రక్షణ అధికారి. మన రాష్ట్రంలో ఆ బాధ్యత జిల్లా స్త్రీ శిశు సంక్షేమ శాఖ అధికారిది. జనం నోట పాత పేరుతో అది పీడీ (ప్రాజెక్టు డైరెక్టరు) ఆఫీసు. అక్కడ గృహ హింస విభాగం ఉంటుంది, మీరు చెప్పింది రాసుకుని ఫారం-1లో నివేదిక తయారుచేసి మేజిస్ట్రేటుకు పంపుతారు, నకలు మీ స్టేషన్‌కు వెళ్తుంది. రెండోది వకీలు ద్వారా ఫారం-2లో నేరుగా కోర్టుకు. రక్షణ అధికారి నివేదిక లేకుండా కూడా కోర్టు అర్జీ తీసుకుంటుంది. అయినా ప్రాణానికి తొందర లేనప్పుడు మొదటి దారే మేలు. ప్రభుత్వాఫీసులో తేదీతో ఒక రికార్డు ఏర్పడుతుంది, నోటీసులు అందించే పని ఆ అధికారి మీదే ఉంటుంది, నివేదిక నకలు మీకు ఊరికే ఇవ్వాలి.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. పాత అలవాటు కొద్దీ శ్రీకాకుళం బస్సెక్కితే వెనక్కి పంపేస్తారు. కోర్టుల హద్దులు మాత్రం జిల్లాల హద్దులతో కలవాలని లేదు. మీ ఊరి పోలీసు స్టేషన్ ఏ మేజిస్ట్రేటు కోర్టు కిందకు వస్తుందో స్టేషన్ రైటర్‌ను అడిగితే చెబుతారు.

వకీలు ఫీజు గురించి ఆగిపోకండి. న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత వకీలు ఇవ్వాలి. తెల్ల రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం తెమ్మంటే అక్కర్లేదని గట్టిగా చెప్పండి. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో, లేదా మీ కోర్టు దగ్గరి మండల న్యాయ సేవా కమిటీలో తెల్లకాగితం మీద అర్జీ ఇస్తే చాలు. ఫోన్ నంబరు 15100. రాత్రికి రాత్రి ఇల్లు వదలాల్సి వస్తే 181 లేదా 112. జిల్లా కేంద్రంలోని సఖి కేంద్రంలో కొద్ది రోజులు, మామూలుగా ఐదు రోజుల వరకు, పిల్లలతో ఉండొచ్చు. ఆ తర్వాత ఆశ్రయ గృహానికి పంపే ఏర్పాటు వాళ్లే చూస్తారు.

ఫారం-1 నింపేటప్పుడు

ఇందులో హింసను కొట్టడం, లైంగిక హింస, మాటలతో మనసుకు పెట్టే బాధ, డబ్బు విషయంలో పెట్టే బాధ, కట్నం వేధింపు అని విడివిడిగా అడుగుతారు. చాలామంది కొట్టడం దగ్గరే ఆగిపోతారు. జీతం ఇంట్లో ఇవ్వకపోవడం, జీడిపప్పు బట్టీలో మీరు సంపాదించిన కూలి లాక్కోవడం, డ్వాక్రా అప్పు మీ పేరున తీయించి వాడుకుని కిస్తీలు మీ నెత్తిన వేయడం, పుస్తెలు తాకట్టు పెట్టడం, ఇంట్లోంచి తోసేయడం, ఇవన్నీ చట్టం చెప్పిన ఆర్థిక హింసే. దెబ్బలకు సాక్ష్యం దొరక్కపోయినా బ్యాంకు పుస్తకం, సంఘం పుస్తకం, తాకట్టు రసీదు అబద్ధం చెప్పవు.

‘నన్ను ఎప్పుడూ కొట్టేవాడు, సరిగా చూసేవాడు కాదు’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ఇలా రాయించండి: ‘2025 కనుమ నాటి రాత్రి, మా మామగారి ఇంటి వీధి అరుగు మీద, అత్తగారు చూస్తుండగా, బండికి డబ్బు తేలేదని కర్రతో ఎడమ మోచేతి మీద కొట్టాడు. మర్నాడు టెక్కలి ఆసుపత్రిలో చూపించుకున్నాను. చీటీ జతచేశాను.’ రోజు, చోటు, ఎవరు, దేనితో, ఎందుకు, చూసినవారు, తర్వాత ఏం చేశారు. ఈ ఏడూ ఉన్న సంఘటనలు నాలుగైదు ఉంటే చాలు; ముప్పై పేజీల కథ కంటే అవే నిలబడతాయి.

తేదీలు గుర్తు లేకపోతే పండగలను పట్టుకుని వెనక్కి వెళ్లండి. సిరిమాను సంబరం, పోలిపాడ్యమి, ఊళ్లో గ్రామదేవత పండగ, పాప అన్నప్రాసన, తిత్లీ తుఫాను. తిత్లీ తీరం దాటింది 2018 అక్టోబరు 11న. ఆ వారంలో జరిగిందంటే తేదీ దొరికినట్టే. నిక్కచ్చిగా తెలియకపోతే ‘ఆ నెలలో’ అని రాయండి, ఊహించి అంకె వేయకండి. క్రాస్ పరీక్షలో ఒక్క తప్పు తేదీ మిగతా నాలుగు నిజాలనూ లాగేస్తుంది. పాత సంఘటనలని వదిలేయనక్కర్లేదు. గృహ హింస చట్టం 12వ సెక్షన్ కింద వేసే డీవీసీ అర్జీకి ఏడాదిలోపే వేయాలన్న పరిమితి వర్తించదని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లో కామాక్షి కేసులో చెప్పింది.

ఆసుపత్రిలో ఎక్కువ మంది చేసే పొరపాటు, పక్కనున్న అత్తకు జడిసి ‘బాత్రూములో జారి పడ్డాను’ అనడం. డాక్టరు అదే రాస్తారు, అవతలివారికి అదే పెద్ద సాక్ష్యం అవుతుంది. ఒక్కరే ఉన్నప్పుడు జరిగింది చెప్పి, మెడికో లీగల్ కేసుగా నమోదు చేయమనండి. ఇంతకుముందే తప్పు చెప్పి ఉంటే, ఎందుకు అలా చెప్పాల్సి వచ్చిందో ఫారంలోనే రాసేయండి.

ఫోన్లో ఉన్న మెసేజీలు, వాయిస్ రికార్డులు, ఫోన్‌పే చెల్లింపులు పనికొస్తాయి. ప్రింటు ఒక్కటీ పట్టుకెళ్తే చాలదు. భారతీయ సాక్ష్య అధినియం 63(4) కింద ధ్రువపత్రం జతచేయాలి, వకీలు తయారుచేస్తారు. అసలు ఫోను అమ్మకండి, మెసేజీలు చెరపకండి, రీసెట్ కొట్టకండి.

పెళ్లి రిజిస్టరు కాకపోయినా కంగారు లేదు. శుభలేఖ, ఫోటోలు, ఇద్దరి పేర్లున్న రేషన్ కార్డు, భర్త పేరున్న ఆధార్, పిల్లల పుట్టిన ధ్రువపత్రం, వీటిలో రెండు మూడు చాలు. సారె సామాను జాబితా వేరే కాగితం మీద రాయండి: బంగారం ఎన్ని తులాలు, ఏ నగ, ఎవరు పెట్టారు, ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది, బీరువా, మంచం, ఇత్తడి బిందెలు, బండి. బిల్లులు లేకపోతే ఆ నగ మెడలో కనిపించే పెళ్లి ఫోటో ప్రింటు తీసి వరుస నంబరు వేయండి. చేతికి ఇచ్చిన కట్నం డబ్బును ఈ జాబితాలో కలపకండి, అది వేరే పేరాలో.

ఏమేం అడగాలి

18వ సెక్షన్ కింద రక్షణ ఉత్తర్వు. కొట్టకూడదు, ఫోన్ చేసి తిట్టకూడదు, పనిచేసే చోటికి, పిల్లల బడికి రాకూడదు అని స్థలాల పేర్లతో అడగండి. బ్యాంకు లాకరు, ఉమ్మడి ఖాతా తాకకూడదని, ఆస్తి అమ్మకూడదని కూడా ఇందులోనే అడగొచ్చు.

19వ సెక్షన్ చోటు గురించి. ఇల్లు మామగారి పేరున ఉందని వెనకాడేవారు ఎక్కువ. పల్లెల్లో సగం ఇళ్లు అలాగే ఉంటాయి. భర్తకు వాటా లేకపోయినా, మీరు కాపురం చేసిన ఇల్లయితే అందులో ఉండే హక్కు అడగొచ్చని 2020లో సుప్రీంకోర్టు సతీశ్ చందర్ అహూజా తీర్పు వచ్చింది. దానికి ముందున్న 2006 నాటి తీర్పు చూపించి అవతలివాళ్లు వాదిస్తే, ఆ తీర్పు చెల్లదని ఈ తీర్పులోనే ఉంది. అయితే ఇది ఉండే హక్కే, ఆస్తిలో వాటా కాదు. ఆ ఇంట్లో బతకలేం అనుకుంటే అదే స్థాయి వేరే ఇల్లు, లేదా అద్దె డబ్బు అడగండి. రెండూ ‘ఇది గాని, అది గాని’ అని రాయించడం తెలివైన పని. ఇంటి నుంచి భర్తను బయటకు పంపమని కోర్టు చెప్పగలదు, ఆడవారిని మాత్రం ఈ సెక్షన్ కింద అలా పంపడానికి లేదు. కాలనీ ఇల్లు, ఇళ్లస్థలం పట్టా మీ పేరునే ఉంటే నకలు జతచేయండి. ఆ పట్టాయే ఇంట్లోంచి గెంటేసిన కోడలి చేతిలో ఉన్న బలమైన కాగితం. సారె, బంగారం వెనక్కి ఇప్పించమని అడగాల్సింది కూడా 19లోనే, 8వ ఉపసెక్షన్ కింద.

20 కింద భరణం, ఆసుపత్రి ఖర్చు, పోయిన కూలి, పాడైన సామాను విలువ. 21 కింద పిల్లల తాత్కాలిక అప్పగింత. 22 కింద నష్టపరిహారం.

వీటన్నిటికంటే ముందు ఇప్పించుకోవాల్సింది 23 కింద మధ్యంతర ఉత్తర్వు, అంటే తీర్పు వచ్చేలోపు ఇచ్చేది. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో, తీర్పు అరవై రోజుల్లో అని చట్టంలో ఉంది. ఆ అరవై రోజులు ‘ప్రయత్నించాలి’ అన్న మాటే గాని గడువు కాదు, చాలా కేసులు దాన్ని ఎప్పుడో దాటిపోతాయి. మధ్యంతర అర్జీ వేయకపోతే అన్నాళ్లూ చేతికి రూపాయి రాదు. అసలు అర్జీతోపాటే ఫారం-3 అఫిడవిట్‌తో వేయండి. హింస ఇంకా జరుగుతోందని, జరిగే ప్రమాదం ఉందని అఫిడవిట్‌లో కనబడితే, ఎదుటివారు రాకముందే ఉత్తర్వు ఇచ్చే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. సంతకమో వేలిముద్రో వేసేముందు ప్రతి కాగితమూ తెలుగులో చదివి వినిపించమనండి. ఏ వకీలైనా చదవాల్సిందే.

భర్త ఆదాయం చూపడం

2020 నవంబరులో రజనేశ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత భరణం అడిగేవారు, ఇచ్చేవారు ఇద్దరూ ఆస్తి అప్పుల అఫిడవిట్ దాఖలు చేయాలి. మీకొచ్చే కూలి, పింఛను, పుట్టింటి సాయం దాచకండి. దాచి పట్టుబడితే మొత్తం కేసు మీద అనుమానం పడుతుంది. భరణం అర్జీ వేసిన తేదీ నుంచి లెక్క కట్టాలని కూడా ఆ తీర్పులోనే ఉంది, కాబట్టి ఆలస్యం చేసిన ప్రతి నెలా పోయిన నెలే. అదే భరణానికి ఎంసీ (విడిగా వేసే భరణం కేసు) కూడా వేసి ఉంటే ఆ సంగతి రాయాలి. రెండు చోట్లా వేయొచ్చు, ఒకదాంట్లో వచ్చిన మొత్తాన్ని రెండోదాంట్లో సర్దుతారు.

ఆయన సంపాదన కాగితాల మీద కనిపించని పని అయితే? భోగాపురం, పూసపాటిరేగ, గార, సంతబొమ్మాళి తీరం నుంచి గుజరాత్ వేరావల్ బోట్లకు వెళ్లేవారికి జీతం చీటీ ఉండదు. బోటు యజమాని పేరు, తీసుకున్న అడ్వాన్సు, సీజనులో ఇంటికి పంపిన డబ్బు కనబడే పాసుపుస్తకం పేజీలు పెట్టండి. చెన్నైలో తాపీ పని, హైదరాబాదులో సెంట్రింగ్ అయితే మేస్త్రీ పేరు, రోజు కూలి. పొలం ఉంటే మీభూమి వెబ్‌సైట్‌లో 1బి (భూమి ఎవరి పేరున ఉందో చూపే కాగితం) నకలు తీయండి. మిలటరీ ఉద్యోగి అయితే ర్యాంకు, యూనిట్ పేరు చాలు. జీతం వివరాలు తెప్పించమని కోర్టును అడగండి. జీతం ఉన్నవారి విషయంలో 20(6) కింద యజమానే కోసి మీ ఖాతాకు లేదా కోర్టుకు కట్టేలా ఉత్తర్వు అడగాలి.

నోటీసు అందకపోవడం

ఎక్కువ కేసులు ఆగేది ఇక్కడ. చట్టం ప్రకారం నోటీసు రక్షణ అధికారికి చేరిన రెండు రోజుల్లో అందించాలి, కోర్టు ఇంకాస్త గడువు ఇవ్వొచ్చు. ఊళ్లో చిరునామా ఒక్కటే ఇస్తే ‘మనిషి లేడు, వలస వెళ్లాడు’ అని తిరిగొస్తుంది. ఆధార్‌లో ఉన్న చిరునామా, పనిచేసే చోటి చిరునామా, యజమాని లేదా మేస్త్రీ ఫోను, ఇంట్లో పెద్దవారి పేరు, నాలుగూ ఇవ్వండి. ఇంట్లో ఉన్నవారికి ఇచ్చినా, తీసుకోకపోతే గోడకు అంటించినా చెల్లుతుంది. పడమటి తీరంలో జూన్, జూలై నెలల్లో వేట నిషేధం కాబట్టి గుజరాత్ వెళ్లినవారు అప్పుడు ఇళ్ల దగ్గర ఉంటారు. కేసు ఆ నెలల కోసం ఆపకండి, అంతకుముందు అందని నోటీసు మళ్లీ పంపించాల్సింది మాత్రం అప్పుడే.

రాజీ అన్నప్పుడు

14వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు ఇద్దరినీ కౌన్సెలింగుకు పంపొచ్చు. కౌన్సెలరు కలిసిపొమ్మని బలవంతం చేయకూడదు. వెళ్తామనుకుంటే షరతులు కోర్టు ముందు రికార్డు చేయించండి: వేరు కాపురమా, ఏ ఊళ్లో, నెలకు ఎంత, ఏ తేదీకి, బంగారం ఎప్పుడు. ఊరి తగువులో ‘ముందు కేసు వెనక్కి తీసుకో, తర్వాత చూద్దాం’ అంటారు. ఆ వరుస తిరగేయాలి; షరతులు తీరాకే వెనక్కి తీసుకోవడం. మళ్లీ మొదటికొస్తే కొత్త కేసు వేయొచ్చు గాని అర్జీ తేదీ మారిపోతుంది, ఆ మధ్య నెలల భరణం పోతుంది.

ఉత్తర్వు వచ్చాక

నకలు ఇద్దరికీ, స్టేషన్‌కూ ఉచితంగా ఇవ్వాలని 24వ సెక్షన్. ఒకటి లామినేషన్ చేయించి దగ్గర పెట్టుకోండి. అర్ధరాత్రి కానిస్టేబుల్‌కు చూపాల్సింది అదే. రక్షణ ఉత్తర్వు మీరితే 31 కింద ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. బెయిలివ్వాల్సిన నేరం కాదు, వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. ఉత్తర్వు నచ్చకపోతే అందిన 30 రోజుల్లో సెషన్స్ కోర్టులో అప్పీలు, మీకైనా, వారికైనా. అప్పీలు వేశాడని ఉత్తర్వు ఆగిపోదు, స్టే ఉంటేనే ఆగుతుంది.

భరణం కట్టకపోవడం వేరే సంగతి, దానికి 31 మీద ఆధారపడకండి. బకాయి వసూలుకు పాత సీఆర్‌పీసీ 125, ఇప్పటి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ పద్ధతే వాడతారు: కోర్టులో అర్జీ, వారెంటు, అయినా కట్టకపోతే ఒక్కో నెల బకాయికి నెల వరకు జైలు. ఆ అర్జీ మాత్రం బకాయి పడిన తేదీ నుంచి ఏడాదిలోపే వేయాలి. మూడేళ్ల బాకీ పోగుచేసి ఒకేసారి అడుగుదాం అనుకుంటే వెనకటి రెండేళ్లదీ ఆ దారిలో రాదు. భరణం వచ్చే ఖాతాను వేరుగా పెట్టుకుని, నాలుగైదు నెలలు డబ్బు పడకపోతే పాసుపుస్తకం అచ్చు వేయించి ఆ వారంలోనే వకీలుకు ఇవ్వండి.